ఇనుప ఫ్రేము మీద అల్యూమినియం షీటు: క్యాంపర్ ట్రైలర్‌కు స్క్రూలా, రివెట్లా, గమ్మా?

తమ్ముడూ, నువ్వు అడిగింది మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెప్తాను. ఒంగోలులో ఇంటి దగ్గరే 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు క్యాంపర్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లి, లోపల పడుకునే పెట్టె) కడుతున్నావు. 25×25 ఎంఎం ఎమ్మెస్ (మామూలు ఇనుప) చదరపు పైపుతో ఫ్రేము వెల్డింగ్ అయిపోయింది, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ ఎర్ర పెయింటు కూడా కొట్టేశావు, 1.2 ఎంఎం అల్యూమినియం షీట్లు తెచ్చి గోడకు ఆనించి పెట్టావు. వెల్డర్ తమంతట తామే చిల్లి చేసుకుని దిగే సెల్ఫ్ స్క్రూలు కొట్టేద్దాం అంటున్నాడు, మీ బావ చిల్లిలో దూర్చి గన్‌తో లాగి బిగించే రివెట్లే గట్టి అంటున్నాడు, వీడియోల్లో చూస్తే అంతా గమ్ముతో అంటిస్తున్నారు. బొలెరో వెనక తగిలించి కొత్తపట్నం బీచ్ ఇసుకలోకి, గిద్దలూరు వైపు కొండదారుల్లోకి పోవాలి, షీటు ఊడకూడదు, నీళ్లు కారకూడదు. ఇంతే కదా.

నేను నెల్లూరు ఆటోనగర్‌లో లారీ, వ్యాను బాడీలు కడుతూ బతికినవాణ్ణి. సూటిగా చెప్పాలంటే గమ్ము అసలు బలం, రివెట్ దానికి తోడు, సెల్ఫ్ స్క్రూ ఈ పనికి పనికిరాదు. కానీ ఈ మూడింటిలో ఏది అని తేల్చుకోవడం కన్నా ముఖ్యమైంది ఇంకోటి ఉంది. షీటు ఫ్రేముకు గట్టిగా పట్టుకుని ఉండాలి, కానీ అల్యూమినియం ఎక్కడా నేరుగా ఇనుముకు తగలకూడదు. ఈ ఒక్కటీ పట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ దాన్నుంచే వస్తాయి.

ఎందుకో చెప్తాను. అల్యూమినియం, ఇనుము ఒకదానికొకటి ఆని ఉండి మధ్యలో ఉప్పు తేమ చేరితే చిన్న బ్యాటరీ లాంటిది తయారవుతుంది, అందులో కరిగిపోయేది అల్యూమినియం. కొత్తపట్నం, మైపాడు లాంటి చోట్ల గాలిలోనే ఉప్పు ఉంటుంది, రాత్రి మంచు పడితే అది తడి అవుతుంది, ఇక వేరే నీళ్లు పోయనక్కర్లేదు. ముందు పెయింటు కింద చిన్న పొక్కులు వస్తాయి, గీకితే తెల్లటి పొడి రాలుతుంది, తర్వాత ఆ చోటే చిల్లి పడుతుంది. రొయ్యల చెరువుల దగ్గర తిరిగే బండ్లు రిపేరుకు వస్తే నేను ముందు చూసేది స్క్రూల చుట్టూరానే, ఎందుకంటే పోవడం మొదలయ్యేది అక్కడే. స్టెయిన్‌లెస్ స్క్రూ వేస్తే తుప్పు పట్టదు కదా అంటారు. నిజమే, స్క్రూ పట్టదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం పోతుంది. సముద్రానికి దూరంగా ఉండే పొడి ప్రాంతాల్లో అది ఏళ్ల తరబడి ఆగుతుందేమో గానీ సముద్రం ఒడ్డున ఆగదు.

సెల్ఫ్ స్క్రూ వద్దు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. నీ పైపు గోడ మందం 2 ఎంఎం అనుకుందాం, అందులో స్క్రూ మర ఒక చుట్టు, మహా అయితే ఒకటిన్నర చుట్టు పట్టుకుంటుంది. తారు రోడ్డు మీద సరిపోతుంది, చీమకుర్తి క్వారీ దారి లాంటి గుంతల రోడ్డులో ఆ ఒక్క చుట్టూ అరిగి స్క్రూ గిరగిరా తిరుగుతుంది. వెల్డింగ్ సంగతి అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే అంటున్నాను, అల్యూమినియాన్ని ఇనుముకు మన షాపుల్లో ఉండే మామూలు వెల్డింగ్‌తో అతికించలేం. జీఐ షీటు (జింకు పూత వేసిన ఇనుప షీటు) అయితే అతుకుతుంది, కానీ అతికిన చోటల్లా జింకు కాలిపోయి తుప్పు మొదలవుతుంది, షీటు వంకర పోతుంది, ఆ పొగ పీలిస్తే రాత్రికి జ్వరం వస్తుంది.

అల్యూమినియం తీసుకుని మంచి పనే చేశావు. 8×4 షీటు 1.2 మందంలో దాదాపు 9.6 కేజీలు తూగుతుంది, అదే 1 ఎంఎం జీఐ అయితే 23 కేజీల పైమాటే. అయితే గ్రేడు ఏంటో షాపువాణ్ణి అడుగు. 5052 అయితే సముద్రపు గాలికి బాగా నిలుస్తుంది, గట్టిగానూ ఉంటుంది. 1100 అయితే మెత్తన, చేత్తో నొక్కితేనే సొట్ట పడుతుంది. దాన్ని లోపలి గోడలకు వాడుకుని బయటికి 5052 తెప్పించుకో, మద్రాసులోనో విజయవాడలోనో దొరుకుతుంది.

ఇప్పుడు ఎండ సంగతి, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో నిలబెట్టిన షీటు 65, 70 డిగ్రీలకు పోతుంది, ముదురు రంగు అయితే ఇంకా పైకి. తెల్లవారుజామున అదే షీటు 25 దగ్గర ఉంటుంది. 8 అడుగుల అల్యూమినియం షీటు 45 డిగ్రీల తేడాకు దాదాపు రెండున్నర ఎంఎం పెరుగుతుంది. ఇనుము సాగేది అందులో సుమారు సగమే, పైగా ఫ్రేము లోపల నీడలో ఉంటుంది కాబట్టి అంత వేడెక్కదు. అంటే ప్రతి మధ్యాహ్నం షీటుకూ ఫ్రేముకూ మధ్య సుమారు 2 ఎంఎం తగాదా, అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి. అన్ని వైపులా బిగించి రివెట్లు కొట్టేస్తే ఆ షీటు ఎక్కడికి పోవాలి? మధ్యలో ఉబ్బుతుంది, సాయంత్రానికి మళ్లీ లాగుతుంది, రోజూ ఇదే. కొన్నాళ్లకు రివెట్ చిల్లులు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతాయి, ఆ సందులోంచి నీళ్లు, దుమ్ము.

గమ్ము ఇక్కడే పనికొస్తుంది. పాలీయురేథేన్ గమ్ము ఎండినా రబ్బరులా సాగుతుంది, షీటు కదిలితే దానితో పాటు కదిలి మళ్లీ వెనక్కి తెస్తుంది. అయితే అది కనీసం 3 ఎంఎం మందంగా ఉండాలి. 3 ఎంఎం పొర 1 ఎంఎం పక్కకు సాగడం దానికి తేలిక. అదే షీటును బలంగా అదిమి అర ఎంఎం చేసేశావనుకో, తన మందానికి రెండింతలు సాగాలి, అలా రోజూ సాగితే చిరుగుతుంది. మన కుర్రాళ్లు ఎంత గట్టిగా నొక్కితే అంత బాగా అంటుకుంటుంది అనుకుని మోకాలితో తొక్కుతారు, అలా చేయనివ్వకు. పైపు మీద అక్కడక్కడా 3 ఎంఎం రబ్బరు ముక్కలు అంటించి పెట్టుకుంటే మందం దానంతట అదే నిలుస్తుంది, అల్యూమినియం ఇనుముకు తగలకుండానూ ఉంటుంది. ఒకే పనిలో రెండు లాభాలు.

ఏ గమ్ము అంటే, బండి బాడీల కోసమే చేసిన అసెంబ్లీ గ్రేడ్ పాలీయురేథేన్ తీసుకో, సికాఫ్లెక్స్ 252 లాంటిది. 221 అనేది సందులు మూయడానికి, బరువు మోయడానికి కాదు, రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి షాపులో ఏది ఉంటే అది ఇస్తారు, నంబరు చూసి తీసుకో. ట్యూబు మీద ఎక్స్‌పైరీ తేదీ కూడా చూడు, మన ఎండలకు షాపు అరలోనే గట్టిపడి ఉంటాయి. బాత్రూముకు వాడే సిలికాన్ మాత్రం దగ్గరికి రానివ్వకు. వెనిగర్ వాసన వచ్చే రకం ఇనుమునూ జింకునూ తినేస్తుంది, పైగా సిలికాన్ తగిలిన చోట తర్వాత పెయింటు నిలవదు.

ఇక నీ రెడ్ ఆక్సైడ్. ఇది వింటే నీకు బాధనిపిస్తుంది కానీ చెప్పక తప్పదు, గమ్ము పడే ముఖం మీద దాన్నంతా తీసేయాలి. గమ్ము ఇనుముకు అంటుకోవడం లేదు, పెయింటుకు అంటుకుంటోంది. పెయింటు ఎంత గట్టిగా పట్టుకుని ఉంటే జాయింటు బలం అంతే. రెడ్ ఆక్సైడ్ మెత్తటి పెయింటు, దాని కింద పైపు నూనె, తుప్పు సరిగ్గా పోకపోతే గమ్ముతో సహా పొరలాగా లేచి వస్తుంది. చూస్తే గమ్ము మోసం చేసింది అనిపిస్తుంది, దాని వెనక ఎర్ర పెయింటు అంటుకుని ఉండటం ఎవరూ గమనించరు. గ్రైండర్‌కు 80 నంబరు ఫ్లాప్ డిస్కు పెట్టి షీటు ఆనే ముఖం వరకు తెల్లగా అయ్యేదాకా పట్టు, వెల్డింగ్ గుబ్బలు కూడా అప్పుడే చదును చెయ్యి, తుడిచి అదే రోజు, రెండు డబ్బాల్లో వచ్చేవి కలిపి వాడే రకం ఎపాక్సీ ప్రైమర్ కొట్టు. రేపు చూద్దాంలే అంటే ఒంగోలు గాలికి తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. మిగతా మూడు ముఖాల మీద రెడ్ ఆక్సైడ్ ఉన్నా ఇబ్బంది లేదు, పైన ఇంకో మంచి పెయింటు వేసుకో. కింద పైపుల్లో నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు మాత్రం మర్చిపోకు, పైపు లోపల చేరిన నీళ్లు కనిపించవు.

షీటు వైపు కూడా ఇదే శ్రద్ధ. ముందు ప్లాస్టిక్ ఫిల్మ్ తీసేయి, ఎండకు కాగితే అది తర్వాత ముక్కలు ముక్కలుగా తప్ప రాదు. గమ్ము పడే పట్టీ వరకు స్కాచ్ బ్రైట్‌తో గరుకు చేసి, క్లీనర్‌తో తుడిచి, గమ్ము కంపెనీ చెప్పిన ప్రైమర్ వేసి, అదే రోజు అంటించేయాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పూర్తిగా ఆరనివ్వు, ఆల్కహాల్ తడి ఉండగా పాలీయురేథేన్ పెడితే అది సరిగ్గా గట్టిపడదు. పెయింటు షాపు చవక థిన్నర్ వద్దు, ఆరాక జిడ్డు మిగులుస్తుంది.

నీకు నమ్మకం కుదరాలంటే ఒక పరీక్ష ఉంది, దీనికి ఖర్చు లేదు. మిగిలిన పైపు ముక్కకు నీ ఫ్రేముకు చేసినట్టే ప్రైమర్ వేసి, వేలంత గమ్ము గీత పెట్టి వారం వదిలేయ్. తర్వాత చివర బ్లేడుతో కోసి పట్టుకుని లాగు. గమ్ము తనలో తాను చిరిగి, సగం పైపు మీదే ఉండిపోతే నీ ప్రైమర్ మంచిది. మొత్తం శుభ్రంగా ఊడి వచ్చేసిందంటే ఎక్కడో లోపం ఉంది, ట్రైలర్ మొదలుపెట్టకముందే తెలిసింది కదా. షీటు ముక్కతో కూడా ఇలాగే చెయ్యి.

బిగించే రోజు. షీటును ముందు ఊరికే ఆనించి, కొలతలు చూసుకుని, రివెట్ చిల్లులు షీటు, పైపు కలిపి ఒకేసారి వెయ్యి. తర్వాత షీటు దించి, చిల్లుల అంచులు నునుపు చేసి, ఇనుప రజను మొత్తం ఊదేసి, పైపు చిల్లుల్లో బ్రష్‌తో ప్రైమర్ పెట్టు. రజను ఒక్క చిటికెడు లోపల ఉండిపోయినా అక్కడే తుప్పు మరక, అక్కడే అల్యూమినియానికి దెబ్బ. గమ్మును నాజిల్ వీ ఆకారంలో కోసి, నిలువుగా త్రిభుజంలా నిలబడే గీతగా పెట్టు, షీటు ఆనినప్పుడు గాలి చిక్కుకోదు. ఎంత సేపట్లో ఆనించాలో ట్యూబు మీద ఉంటుంది, కానీ అది చల్లని గదిలో లెక్క, మన ఉక్కపోతలో పైన పొర చాలా తొందరగా కడుతుంది, కాబట్టి నలుగురు మనుషులు సిద్ధంగా ఉన్నాకే ట్యూబు కొయ్యి.

వేళ కూడా చూసుకో. మార్గశిరం చలిలో పొద్దున్నే అంటిస్తే షీటు ముడుచుకుని ఉంటుంది, మే నెలలో ఉబ్బుతుంది. బాగా ఎండకు కాగిన షీటు మీద గమ్ము నిలవదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆగు. నీడలో, లోహం 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు మంచిది, అప్పుడు ఎండకు కొద్దిగా పెరుగుతుంది, చలికి కొద్దిగా లాగుతుంది, ఏ వైపూ విపరీతం కాదు.

రివెట్ల లెక్క ఇది. 4.8 ఎంఎం, పెద్ద తల రకం, మూసిన చివర ఉండే సీల్డ్ రివెట్ దొరికితే ఇంకా మంచిది, మధ్యలోంచి నీళ్లు పోవు. షీటు 1.2, గమ్ము 3, పైపు గోడ 2, మొత్తం 6.2 ఎంఎం, ఆ రివెట్ ఎంత మందాన్ని పట్టుకుంటుందో చెప్పే గ్రిప్ లెక్క డబ్బా మీద ఉంటుంది, ఈ అంకె అందులో పడాలి, మామూలుగా 12 ఎంఎం పొడవు రివెట్ కావాల్సి వస్తుంది. రివెట్ పడే ప్రతి చోటా షీటుకూ పైపుకూ మధ్య 3 ఎంఎం నైలాన్ వాషర్ పెట్టు, లేకపోతే గన్ లాగినప్పుడు షీటు లోపలికి గుంత పడుతుంది. షీటు మధ్య నిలువు పైపు మీద చిల్లులు బిగుతుగా 4.9 వెయ్యి, చివరలకు పోయేకొద్దీ షీటులో చిల్లి మాత్రం పెంచుతూ చివర్న 7 చెయ్యి, పైపులో 4.9 ఉండనీ. మధ్యలో పట్టుకుని అటూ ఇటూ సాగనివ్వడం అన్నమాట. పెద్ద తల ఆ ఖాళీని కప్పేస్తుంది. ప్రతి రివెట్‌నూ గమ్ములో ముంచి దూర్చు, అంచుకు 10 ఎంఎం కన్నా దగ్గర చిల్లి వేయకు. గమ్ము ఉంది కాబట్టి 150 ఎంఎంకు ఒకటి చాలు. మీ బావ చెప్పినట్టు రివెట్ల మీదే నమ్మకం పెడితే 75కు ఒకటి కొట్టాలి, అప్పుడు కదలడానికి చోటే ఉండదు.

తర్వాత వారం పది రోజులు కదిలించకు. ఈ గమ్ము గాలిలో తేమతో గట్టిపడుతుంది, రెండు లోహాల మధ్య ఉన్నప్పుడు తేమ పక్కల నుంచి మాత్రమే లోపలికి పోవాలి. బయటికి ఎండినట్టు కనిపిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఈలోగా ఫ్రేము మీద వెల్డింగ్ ఏదైనా మిగిలిపోయింది అని తెస్తే ఒప్పుకోకు, వేడి తగిలితే గమ్ము పోతుంది, వెల్డింగ్ అంతా షీటుకు ముందే.

షీటు డబడబ కొట్టుకోకుండా ఉండాలంటే పైపుల మధ్య ఖాళీ 400, 450 ఎంఎం దాటకూడదు. నీ ఫ్రేములో అంతకన్నా ఎక్కువ ఉంటే ఇప్పుడే మధ్యలో ఒక పైపు వెయ్యి. లోపలి వైపు షీటు మధ్యలో బ్యూటైల్ డ్యాంపింగ్ ముక్కలు (అదురు ఆపే మెత్తటి రబ్బరు పట్టీలు) అంటిస్తే చప్పుడు చాలా తగ్గుతుంది, షీటు అంతా కప్పనక్కర్లేదు. గోడల్లో వేడి ఆపడానికి థర్మోకోల్ పలకలు పెట్టుకో, డబ్బా ఫోమ్ మాత్రం కొట్టకు, అది ఉబ్బి 1.2 షీటును బయటికి తోసేస్తుంది.

కిటికీ, తలుపు కోతల మూలలు గుండ్రంగా ఉండాలి. ముందు మూలల్లో హోల్ సాతో చిల్లు వేసి, తర్వాత జిగ్ సాతో కలుపు. లంబంగా కోసిన మూల నుంచే పగులు బయల్దేరుతుంది, గుంతల రోడ్డు మీద అది ఆగదు.

పైకప్పుకు ఒకే షీటు వాడు, 8×4 చాలదు కాబట్టి అంతకన్నా పెద్దది తెప్పించుకో, జాయింటు పెట్టకు, మధ్యలో ఒక అంగుళం ఎత్తు ఇవ్వు, అంచులు కిందికి వంచి పక్క షీట్ల మీదకు దించు. మనకు వాన ఎక్కువ పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాను గాలికి జల్లు అడ్డంగా కొడుతుంది, అందుకని పై షీటు కింది షీటు మీద, ముందు షీటు వెనక షీటు మీద పడేలా అమర్చు. సోలార్ ప్యానెల్ పెట్టాలనుకుంటే బ్రాకెట్లను కూడా గమ్ముతోనే అంటించు, పైకప్పుకు చిల్లు వేయకు.

ముందు భాగం కింద సగం వేరే సంగతి. బొలెరో టైర్లు ఎగరేసే రాళ్లు నేరుగా అక్కడే తగులుతాయి. అక్కడ షీటు మీద ఇంకో అల్యూమినియం చెకర్డ్ ప్లేటు వెయ్యి, దీన్ని మాత్రం అంటించకు. పైపుకు 9 ఎంఎం చిల్లి వేసి ఎం6 రివెట్ నట్లు (పైపు చిల్లిలో బిగుసుకునే, లోపల మర ఉన్న నట్లు) దించి, రబ్బరు వాషర్లతో బోల్టులు బిగించు. దెబ్బ తింటే విప్పి మార్చుకుంటావు.

దుమ్ము వెనక తలుపు నుంచే వస్తుంది, బండి పోతుంటే వెనక గాలి పలచబడి దుమ్మును లోపలికి లాగుతుంది. తలుపుకు రెండు వరసల రబ్బరు బీడింగ్ పెట్టి, ముందు వైపు పైన ఫిల్టరు ఉన్న చిన్న గాలి రంధ్రం పెడితే లోపల గాలి కాస్త నిండుగా ఉండి దుమ్ము రాదు.

ఇంకో మాట, ఈ పెట్టెను చాసిస్‌కు చుట్టూరా వెల్డ్ చేసేయకు. గమ్ము పెట్టాక బాడీ గట్టి డబ్బా అవుతుంది, చాసిస్ రాళ్ల మీద మెలిక తిరుగుతుంది, రెండూ కలిపి వెల్డ్ చేస్తే ఆ మెలిక అంతా షీటు మూలల మీదే పడుతుంది. రబ్బరు బుష్‌లతో బోల్టు చెయ్యి.

మొదటి గతుకుల ప్రయాణం తర్వాత రివెట్ తలల చుట్టూ చూడు. నల్లటి, బూడిద రంగు పొడి గీతలా కనిపిస్తే ఆ రివెట్ లోపల కదులుతోంది అని, దాన్ని డ్రిల్ చేసి మార్చు, పక్కన గమ్ము ఊడిందేమో కూడా చూడు. తెల్ల పొడి అయితే ఉప్పు తేమ లోపలికి చేరింది. ఇసుకలోకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కింద భాగం కడుగు.

కాగితాల సంగతి కూడా ఇప్పుడే చూసుకో. మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా వాహనమే, రిజిస్ట్రేషన్ కావాలి. షీటు అంటించాక కొలతలు మార్చమంటే కష్టం, అందుకని ముందే ఆర్టీవో ఆఫీసులో అడుగు.

నీ పైపు గోడ 2 ఎంఎమ్మా, 1.6 ఆ కొలిచి చెప్పు, రివెట్ పొడవు దాన్ని బట్టి చూద్దాం. పక్క ఫ్రేము ఫోటో, వెనక తలుపు మూల ఫోటో పెట్టు, ఎక్కడ పైపు తక్కువైందో గుర్తు పెట్టి పంపిస్తాను.